గాలి వాటం చూసే పొగ తుపాకి: సోడా గుళిక నుంచి బ్యాటరీ పంపుకు

(కోయంబత్తూరులో సంఘం మాఘమాసపు సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా భారతం మీదనో, భాగవతం మీదనో, లేకపోతే మన పూర్వులు ఏ కాలంలో ఈ కొంగునాడుకు వచ్చి స్థిరపడ్డారన్న చరిత్ర మీదనో ప్రసంగాలు జరగడం ఆచారం. మేము మాట్లాడబోయేది స్నానాలగదిలో గాలిని గురించి. విషయం వినగానే కార్యదర్శిగారు కొంచెం వెనుకాడి, "ఇది సభకు తగినదేనా?" అని అడిగారు. ఆ సంగతి విన్న తరువాత తమరే నిర్ణయించవలసిందిగా మనవి.

మేము అంటే ఎవరో ముందు చెప్పుకోవాలె. మేము నలుగురం. ఒకరు ముప్ఫైయేళ్ళకు పైగా ఒక నూలుమిల్లులో గాలికి తేమ పెట్టే యంత్రాల దగ్గర పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న పెద్దాయన. వారిని మేమందరం పెదనాయనగారనే పిలుస్తాము. ఒకరు మోటార్లు చుట్టే పని చేస్తారు. ఒకరు బడిలో సైన్సు చెప్పే పంతులమ్మగారు. నాలుగోవాడు కాలేజీలో చదువుకొంటున్న కుర్రవాడు. మాలో ఎవరికీ ఉపన్యాసాలు చేసే అలవాటు లేదు గనుక తప్పులుంటే మన్నించవలె.

మొన్నటి ధనుర్మాసంలో ఒకనాటి తెల్లవారుజామున మన సభ్యులొకరి ఇంట్లో కాలేజీకి వెళ్ళే అమ్మాయి స్నానాలగదిలో పడిపోయింది. కుళాయి పారుతున్నది, ఎంత పిలిచినా పలుకు లేదు. అన్నగారు తలుపు గడియ విరగ్గొట్టి బయటికి తీసుకువచ్చారు. నాయనమ్మగారు ఉపవాసాల నీరసమన్నారు. పక్కింటివారు దిష్టి అన్నారు. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "స్నానాలగదిలో గ్యాసు గీజరున్నదా?" వున్నది. వెంటనే ముక్కుకు ఆక్సిజను పెట్టారు. సాయంత్రానికి అమ్మాయి లేచి కూర్చున్నది. దేవుడి దయవల్ల ఇవాళ ఈ సభలోనే వెనుక వరుసలో వున్నది. పేరు చెప్పవద్దన్నది కాబట్టి చెప్పడం లేదు.

మన ఇళ్ళలో వేన్నీళ్ళంటే ఒకప్పుడు పెరటి పొయ్యి మీద కాగు. ఆ తరువాత నడుమ బొగ్గుల గొట్టం వున్న రాగి బాయిలరు వచ్చింది. అదీ పెరట్లోనే వుండేది. పొగ కళ్ళకు మండేది గనుక దాన్ని ఎవరూ ఇంట్లోకి తేలేదు. గ్యాసు మంటకు పొగ లేదు, మసి లేదు, నీలంగా అందంగా మండుతుంది. అందువల్లనే అది నాలుగు గోడల మధ్యకు, అందులోనూ ఇంటికంతటికీ ఇరుకైన గదిలోకి వచ్చి కూర్చున్నది.

ఆ మంటకు ఎంత గాలి కావాలో పంతులమ్మగారు లెక్క కట్టారు. వంటగ్యాసులో ముఖ్యంగా వుండేవి రెండు వాయువులు. ఒక పాలు ప్రొపేను పూర్తిగా మండాలంటే 24 పాళ్ళ గాలి కావాలె, బ్యూటేనుకైతే 31 పాళ్ళు. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించే గీజరు గంటకు దరిదాపు ఒక కిలో గ్యాసు కాలుస్తుంది. దానికి 12, 13 ఘనమీటర్ల గాలి పడుతుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు వున్న గదిలో వుండే గాలి మొత్తం 8 ఘనమీటర్లే. అనగా ఒకరు పది నిమిషాలు స్నానం చేస్తే గదిలోని గాలిలో నాలుగో వంతు మంటకే సరి. బయటి గాలి రాకపోతే నలుగురి స్నానాలకు గదిలోని గాలి అంతా అయిపోతుంది. అంతదాకా ఎవరూ ఆగనక్కరలేదు. గాలిలో ఆక్సిజను వందకు 21 పాళ్ళుండేది, కొద్ది పాళ్ళు తగ్గేసరికే మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది.

దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు కారితే మనకు వాసన తెలియాలని అందులో కావాలని కంపు కలుపుతారు. ఈ వాయువుకు ఆ ఉపకారం చేసేవారెవరూ లేరు. నెత్తుటిలోని హిమోగ్లోబినును ఇది ఆక్సిజను కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. మామూలు గాలి పీలుస్తూ వుంటే పట్టిన దానిలో సగం వదలడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజను ఇస్తే గంట, గంటన్నరలో వదులుతుంది. డాక్టరుగారి తొందర అందుకే.

ఇక ఉగాది వస్తున్నది. మన ఇళ్ళలో ఆనాడు తలంట్లు. పిల్లలు, పెద్దలు, వూరి నుంచి వచ్చిన అక్కాబావలు వెరసి ఎనిమిదిమందో పదిమందో, ఒకరి తరువాత ఒకరు. గీజరు ఆర్పే ప్రసక్తే లేదు. చలిగాలి వస్తుందని తలుపూ, వెంటిలేటరూ మూసివేస్తారు. సంవత్సరమంతా ఏమీ కాని గదిలో ఆ ఒక్క పూట ఏదైనా కావచ్చును.

అమ్మాయి కోలుకొన్న తరువాత పెదనాయనగారు మమ్మల్ని పిలిచి, "ఆ గదిలోకి గాలి ఎటునుంచి వస్తున్నదో, ఎటు పోతున్నదో చూద్దాం. నా దగ్గర పనిముట్టున్నది" అన్నారు.

ఆ పనిముట్టును మేము పొగ తుపాకి అంటాము. మిల్లులో నూలు తెగకుండా వుండాలంటే గాలిలో తేమ సరిగా వుండాలె, ఆ గాలి ప్రతి యంత్రం దగ్గరికీ చేరాలె. గాలి కంటికి కనబడదు గనుక దానిలో పొగ వదిలి చూస్తారు. అందుకోసం పెదనాయనగారు తమ ఉద్యోగపు రోజులలో మిల్లు వర్కుషాపులోనే చేసుకొన్నది ఇది. పిడిలో ఒక చిన్న ఉక్కు గుళిక వుంటుంది. ఇంట్లో సోడా తయారు చేసుకొనే సైఫను సీసాలకు వేస్తారే, అదే. అందులో 8 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అదిమి నింపి వుంటుంది. ముందువైపు టైటానియం టెట్రాక్లోరైడు నింపిన గాజుగొట్టం. ఆ రసాయనానికి గాలిలోని తేమ తగిలితే చాలు, తెల్లని పొగ లేస్తుంది. మీట వదిలితే గుళికలోని వాయువు ఆ పొగను బయటికి తోస్తుంది.

ఆ ఇంటికి తీసుకువెళ్ళాము. తలుపు మూసి, బయట వసారాలో నిలబడి తలుపు కింది సందు దగ్గర పొగ వదిలాము. పొగ చక్కగా నేల పట్టుకొని లోపలికి జారిపోయింది. "గాలి లోపలికి వెళుతున్నది, దోషమేమీ లేదు" అనుకొన్నాము. ఇంటివారికి ప్రాణం లేచివచ్చింది. కుర్రవాడు మాత్రం తుపాకి తీసుకొని లోపలికి వెళ్ళి, తలుపు వేసుకొని, అదే సందు దగ్గర లోపలినుంచి వదిలాడు. పొగ అంతే చక్కగా బయటికి జారివచ్చింది!

ఒకే సందులో గాలి ఒకే సమయాన లోపలికీ, బయటికీ ఎలా వెళ్ళగలదు? మరి మూడు గుళికలు ఖర్చుపెట్టి చూశాము. ఎటువైపు నుంచి వదిలితే అవతలివైపుకు పోతున్నది. కాసేపటికి పెదనాయనగారు నుదురు కొట్టుకొన్నారు. "తప్పు గదిది కాదు, తుపాకిది" అన్నారు.

కారణం ఇది. బొగ్గుపులుసు వాయువు గాలి కంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. పైగా గుళికలో నుంచి బయటపడేటప్పుడు బాగా చల్లబడుతుంది. గుళిక చేతికి మంచుముక్కలా తగులుతుంది. చల్లబడ్డ వాయువు ఇంకా బరువు. కాబట్టి దానితో వచ్చే పొగ నీళ్ళవలె కిందికి దిగి నేల మీద పారుతుంది. దానికితోడు సన్నని రంధ్రంలోనుంచి చిమ్ముకొని వస్తుంది గనుక తన వేగం తనకున్నది. మిల్లు గాలిగొట్టాలలో గాలి సెకండుకు కొన్ని మీటర్ల వేగంతో పోతుంది. ఆ ప్రవాహం ముందు ఈ బరువూ, ఈ వేగమూ లెక్కలోనివి కావు. అక్కడ ఆ తుపాకి నిజమే చెప్పింది. ఇంటి తలుపు సందులో వుండీ లేనట్లుండే గాలి దగ్గర అది గాలి మాట చెప్పడం మాని తన మాట చెప్పింది. మేము దానిని నమ్మి "దోషం లేదు" అని వచ్చేసి వుంటే, ఆ ఇంటివారు మరునాడు మళ్ళీ గీజరు వెలిగించేవారు. ఆ సంగతి తలచుకొంటే మాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక్కడ పంతులమ్మగారు మరొక మాట చెప్పారు. ప్రొపేను అణుభారమూ, బొగ్గుపులుసు వాయువు అణుభారమూ ఒక్కటే, 44. గాలిది సగటున 29. వంటగ్యాసు కారితే అదీ ఈ పొగవలెనే నేల పట్టి పాకుతుందన్నమాట. అందుకని వంటింట్లో కిందివైపు సందు ఒకటి వుండాలంటారు. మోనాక్సైడు అణుభారం 28. అది గాలితో కలిసిపోయి గది అంతా నిండుతుంది. మంట వేడికి మొదట పైకే లేస్తుంది. కాబట్టి పైనా దారి కావాలె, కిందా దారి కావాలె.

తుపాకిని మార్చాలని నిశ్చయించుకొన్నాము. బరువైన వాయువు బదులు మామూలు గాలినే వాడాలె. చిమ్మకూడదు, నెమ్మదిగా వదలాలె. మొదట రక్తపోటు చూసే పరికరం రబ్బరు బుడ్డి తగిలించి చూశాము. నొక్కినప్పుడల్లా ఒక్కొక్క ఊపు వస్తున్నది, నిలకడ లేదు. అదీగాక స్టూలెక్కి వెంటిలేటరు దగ్గర చూసే మనిషికి ఒక చెయ్యి పట్టుకోవడానికి కావాలె, ఒక చెయ్యి గొట్టానికి కావాలె. బుడ్డి నొక్కడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

చేపల తొట్టెలమ్మే దుకాణంలో కరెంటు పోయినప్పుడు చేపలకు గాలి అందించడానికి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు అమ్ముతారు. పెద్ద టార్చి సెల్లులు రెండు వేస్తే నడుస్తుంది. దానిని కుర్రవాడు తెచ్చాడు. నీళ్ళ పంపులకు దేశమంతటా పేరుపడ్డ మన వూళ్ళో గాలి పంపు ఒకటి కొనడానికి మేము ఇంత ఆలోచించినందుకు మోటార్లు చుట్టే ఆయన నవ్వారు. 1937లో ఇక్కడి పీలమేడులో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి, మన దేశంలోనే తయారైన తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకొనే దానిని చేసిన సంగతి మీకు తెలిసిందే. ఆ జి.డి. నాయుడుగారే రసంత్ అనే గడ్డం గీసుకొనే యంత్రాన్ని చిన్న మోటారు పెట్టి టార్చి సెల్లులతో నడిపించారు. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన మన తెలుగువారు ఆనాడే అంత చేయగా, సెల్లుల మోటారు అంటే మేము బొమ్మల సామానని తేలికగా చూడడం న్యాయం కాదని ఆయన వాదన. ఒప్పుకొన్నాము.

పంపు విప్పి చూస్తే అందులో వున్నది చాలా తక్కువ. మోటారు ఇరుసుకు కొంచెం పక్కకు జరిపిన చిన్న చక్రం. అది తిరిగినప్పుడల్లా ఒక రబ్బరు పొరను పైకీ కిందికీ ఆడిస్తుంది. రెండు రబ్బరు రెక్కలున్నాయి. ఒకటి గాలిని లోపలికే రానిస్తుంది, రెండోది బయటికే పోనిస్తుంది. అంతే. ఎంత గాలి ఇస్తుందో కొలవడానికి లీటరు సీసాను నీళ్ళతో నింపి, బకెట్టు నీళ్ళలో బోర్లించి, దాని మూతి కింద గొట్టం పెట్టి గడియారం చూశాము. 40 సెకండ్లకు సీసాలో నీళ్ళు పోయి గాలి నిండింది. అనగా నిమిషానికి లీటరున్నర. గుళిక అంతా కలిపి ఇచ్చేదే నాలుగు లీటర్ల పైచిలుకు. మూడు నిమిషాలలో పంపు ఆ పని చేసి, ఇంకా రోజంతా చేయడానికి సిద్ధంగా వుంటుంది.

గాలి మారినందువల్ల పొగను కూడా మార్చుకోగలిగాము. పాత రసాయనం తేమ తగిలినప్పుడు ఉప్పు తేజాబు ఆవిరి పుట్టిస్తుంది. పెదనాయనగారి దగ్గు ఆ ఉద్యోగం ఇచ్చిన బహుమానమే. చంటిపిల్లలున్న ఇళ్ళకు దానిని తీసుకుపోవడానికి మనసొప్పలేదు. అగరొత్తి పొగ వాడదామంటే, గుళికలోని వాయువు నిప్పును ఆర్పేస్తుంది. ఒకసారి పెట్టి చూస్తే తుపాకి పేల్చీ పేల్చకముందే ఒత్తి చచ్చిపోయింది. పంపు పంపేది గాలి గనుక ఒత్తి ఆరదు.

మరి వెలిగించిన అగరొత్తినే చేత్తో పట్టుకొని చూడరాదా అని మీలో కొందరు అడగబోతున్నారని మాకు తెలుసు. అగరొత్తి పొగ వేడిది, గాలి ఎటున్నా ముందు పైకే లేస్తుంది. ఇదివరకటి పొగ కిందికి దిగి అబద్ధం చెప్పితే ఇది పైకి లేచి చెప్పుతుంది. దానిని చల్లార్చి వాడాలె. దళసరి గాజుసీసా ఒకటి తీసుకొని, రేకు మూతకు రెండు రంధ్రాలు చేసి రెండు ఇత్తడి గొట్టాలు టంకం పెట్టాము. ఒకటి అడుగుదాకా దిగుతుంది, దానికి పంపు తగిలించాము. రెండోది మూత దగ్గరే ఆగుతుంది, దానికి రెండడుగుల రబ్బరు గొట్టం. అడుగున మట్టిముద్దలో మూడంగుళాల అగరొత్తి ముక్కలు రెండు గుచ్చుతాము. సీసాలోనూ గొట్టంలోనూ తిరిగి వచ్చేసరికి పొగ చేతికి చల్లగా తగులుతుంది. పంపు నుంచి ఊపులు ఊపులుగా వచ్చే గాలి కూడా సీసాలో సర్దుకొని ఏకధారగా బయటికి వస్తుంది. ఈ రెండో లాభం మేము అనుకొని చేసింది కాదు, దానంతట అదే వచ్చింది.

మొదటిసారి మేము చేసిన తప్పు చెప్పుకోవాలె. సీసాలోని పొగను పంపు పీల్చి బయటికి వదిలేటట్లు తగిలించాము. రెండు రోజులలో పొగ జిడ్డు పట్టి రబ్బరు రెక్కలు అంటుకుపోయినాయి, పంపు మూగపోయింది. కొత్త పంపు కొని సీసాకు ముందు పెట్టాము. పంపు ఆపినప్పుడు పొగ వెనక్కు పాకకుండా, చేపల తొట్టెలకే వాడే ఏకముఖపు వాల్వు ఒకటి నడుమ వేశాము.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. సన్నని గొట్టం లోపలి కొలత 4 మిల్లీమీటర్లు. లీటరున్నర గాలి అంత సన్నని దారిలో పోవాలంటే సెకండుకు 2 మీటర్ల వేగం కావాలె. మనిషి వడివడిగా నడిచే వేగమది. మళ్ళీ చిమ్మడమే. పంతులమ్మగారి సలహా మీద చివర అంగుళం వెడల్పున్న ప్లాస్టిక్కు గొట్టపు ముక్క తొడిగి, అందులో పాత్రలు తోమే స్టీలు పీచు వదులుగా కూరాము. వేగం సెకండుకు 5 సెంటీమీటర్లకు దిగింది. చీమ నడిచే వేగమని చెప్పవచ్చును. గొట్టం మూతి దగ్గర పొగ పుట్టి, ఎటు పోవాలో తెలియనట్లు ఒక్క క్షణం నిలబడుతుంది. తరువాత గాలి ఎటు రమ్మంటే అటు వెళుతుంది. అది చూసినప్పుడు పెదనాయనగారి ముఖంలో వచ్చిన వెలుగు మాకు ఇంకా జ్ఞాపకం.

కుర్రవాడు ఊరుకోలేదు. ఫోనుకు చార్జింగు పెట్టే పవర్ బ్యాంకును తగిలించి చూశాడు. అది 5 వోల్టులు, మోటారుకు కావలసింది 3. పంపు గోలపెట్టింది, నిప్పు కణకణలాడింది, ఒత్తి చూస్తూ వుండగానే అయిపోయింది, పొగ మాత్రం పలచబడింది. తిరిగి చార్జి చేసుకొనే సెల్లులు ఒక్కొక్కటి 1.2 వోల్టులే గనుక వాటితో పంపు మరికొంచెం నెమ్మదిగా నడుస్తుంది. మాకు అదే మేలనిపించింది.

కొత్త తుపాకితో ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాము. తలుపు కింద బొద్దింకలు రాకుండా లోపలివైపు రబ్బరు పట్టీ వేసి వున్నది. మొదటిసారి దాని చివర వున్న చిన్న సందులోనే మా బరువు పొగ జారిపోయింది. ఇప్పుడు పొగ ఆ సందు దగ్గర కదలకుండా నిలబడింది. ఎగ్జాస్టు ఫ్యాను వేశాము. గిర్రున తిరుగుతున్నది, చప్పుడూ బాగానే వున్నది. దాని ముందు పెట్టిన పొగ మాత్రం కొంచెం వూగి అక్కడే సుళ్ళు తిరిగింది. లోపలికి వచ్చే దారి లేనప్పుడు ఫ్యాను ఏ గాలిని బయటికి పంపుతుంది? వెంటిలేటరు గాజుపలకల మీద దోమలకు భయపడి ప్లాస్టిక్కు షీటు అంటించారు. పట్టీ వూడదీసి, షీటు చింపి ఫ్యాను వేసేసరికి పొగ సందులోకి దూసుకువెళ్ళింది. ఆ ఇంటి తల్లిగారు అంతసేపూ మాట్లాడకుండా చూస్తూ వున్నారు. బొద్దింకల కోసం ఆ పట్టీ తెప్పించి వేయించింది తామేనని, మేము వెళ్ళేటప్పుడు మెల్లగా చెప్పారు. మేమేమీ అనలేకపోయినాము. మా ఇళ్ళలో రెండింటికి అటువంటి పట్టీలే వున్నాయి.

అటు తరువాత అడిగినవారి ఇళ్ళు పదో పన్నెండో చూశాము. ఒక ఇంట్లో గీజరుకు పొగగొట్టం కూడా పెట్టి వున్నది. చాలా జాగ్రత్తపరులు, అందరికంటె శక్తిగల ఫ్యాను కూడా వేసుకొన్నారు. గీజరు వెలిగించి, గొట్టం మొదట్లో మా పొగ పెట్టి, ఫ్యాను వేశాము. గొట్టంలోకి పైకి పోతూ వున్న పొగ ఆగి, వెనక్కు తిరిగి, గదిలోకి వచ్చింది! తలుపు బిగించి వున్నది గనుక ఫ్యాను తనకు కావలసిన గాలిని పొగగొట్టం గుండానే లాక్కొంటున్నది. రక్షణ కోసం పెట్టిన రెండూ ఒకదానికొకటి శత్రువులైనాయి. తలుపు నాలుగంగుళాలు తెరవగానే పొగ మళ్ళీ దారిన పడింది. ఆ ఇంటివారు గీజరును మరుసటి వారం బయటి గోడకు మార్పించారు.

ఈ తుపాకి చెప్పలేనిదేమిటో కూడా చెప్పాలె. ఇది గాలి వాటం మాత్రమే చూపుతుంది. మోనాక్సైడు వున్నదో లేదో చెప్పదు. దానికి వేరే అలారములు దొరుకుతున్నాయి, కొనగలిగినవారు కొనుక్కోవాలె. గ్యాసు వాసన వేస్తున్న చోటికి దీనిని మేము తీసుకుపోము. సీసాలో నిప్పున్నది, మోటారులో రవ్వలున్నాయి. గ్యాసు కారుతున్నదేమో చూడడానికి సబ్బునీళ్ళే మంచివి. గీజరు వెలిగించి చూసేటప్పుడు మేము తలుపు దగ్గర ఒకరిని నిలబెట్టి, అయిదు నిమిషాలు మించకుండా బయటికి వస్తాము. గాలి బాగా ఆడుతున్నదని మా పొగ చెప్పినా స్నానాలగదిలో గీజరుంచుకోవడానికి అది అనుమతి పత్రం కాదు. దాని స్థానం బయటి గోడ. ఈ విషయంలో మాలో భిన్నాభిప్రాయం లేదు. అద్దె ఇళ్ళలో వున్నవారికి అది వెంటనే సాధ్యం కాదని తెలుసు. అంతవరకు నీళ్ళు బకెట్టులో పట్టుకొని, గీజరు ఆర్పి, ఆ తరువాతనే తలుపు వేసుకోవలసిందిగా ప్రార్థన. స్నానం మధ్యలో తలనొప్పి, తల తిరగడం, వికారం కలిగితే నీళ్ళు చల్లుకొంటూ కూర్చోక వెంటనే బయటికి రావాలె.

సంఘంలో ఒక పెద్దవారు "మన పిల్లలు ఇంటింటికీ తిరిగి స్నానాలగదులు చూడడమేమిటి, బాగుంటుందా" అన్నారట. మేము వెళ్ళిన ఇళ్ళలో ఎక్కడా ఎవరూ తప్పుపట్టలేదు. ఒక్క ఇంట్లో మాత్రం అగరొత్తి వాసనకు బామ్మగారు లేచి వచ్చి ఏం పూజ అని అడిగి, కొబ్బరికాయ తేలేదేమని కోప్పడ్డారు.

ఉగాదికి ఇంకా నెలకు పైగా వ్యవధి వున్నది. తుపాకిని సంఘ భవనంలో హార్మోనియం పెట్టె పక్కన బీరువాలో వుంచుతున్నాము. ఎవరికి కావాలన్నా కార్యదర్శిగారి పుస్తకంలో సంతకం చేసి తీసుకుపోవచ్చును. చేతకాకపోతే మాలో ఒకరం వస్తాము. ఆదివారాలు నలుగురమూ వుంటాము. అగరొత్తులు సంఘమే ఇస్తుంది. సెల్లులు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలె. తిరిగి ఇచ్చేటప్పుడు వాటిని మరచిపోకుండా బయటికి తీసివేయవలె. పోయిన నెల ఎవరో లోపలే వుంచేయగా రసం కారి తగులు రేకులకు చిలుము పట్టింది, చింతపండుతో తోమేసరికి ఒక పూట పట్టింది.